తిప్పమొగలో పెరిగే గోడ

గోడ గీత దాటి నాలుగు మీటర్లు ముందుకు వచ్చిందని ఈతగాడు చెబితే డాక్టర్ సూరాడ నూకరత్నం నమ్మలేదు. టేపు జారి ఉంటుంది, మళ్ళీ దిగి కొలవమంది. పాపం, అతను రెండోసారీ దిగాడు, మూడోసారీ దిగాడు. మూడుసార్లూ అదే లెక్క. ఏ గీత దాటకూడదో ఆ గీతే దాటింది గోడ. గీత గీసింది రత్నమే, గోడను కనిపెట్టిందీ రత్నమే. ఇక ఎవరిని పట్టుకుని అడుగుతుంది?

ఆ గీత సంగతి తెలియాలంటే తిప్పమొగ ప్లాను సంగతి తెలియాలి. ఏరు సముద్రంలో కలిసే చోటుని ఆ తీరంలో మొగ అంటారు. తిప్పమొగ ఊరికి అదే వీధి గుమ్మం. రెండు వందల పడవలు తెల్లవారుజామున ఆ మొగ దాటి వేటకి వెళతాయి, పొద్దెక్కాక దాంట్లోంచే ఇంటికొస్తాయి. బయటి ఒడ్డంతా అలల పోటు, అక్కడ పడవ నిలవదు. అలాంటి ఊరి ముంగిట నౌకా పరిశ్రమల కేంద్రం పెట్టాలని పైవాళ్ళు అనుకున్నారు. ఓడలు బాగుచేసే యార్డు, పడవలు కట్టే షెడ్లు, ఐసు ఫ్యాక్టరీ, వలల కార్ఖానా, పెద్ద ఓడలు ఆనుకోవడానికి మొగకి రెండు పక్కలా గోడలు. ప్లాను కాగితం మీద ఒక్కోదానికి ఒక్కో రంగు. రత్నం పట్టుబట్టి వేయించిన రంగు ఒక్కటే, మొగ మధ్యలో నూట ఇరవై మీటర్ల వెడల్పున నీలం. అది పడవల దారి, అందులోకి గోరంత రాయి కూడా రాకూడదని ఆమె నాలుగు మీటింగుల్లో గొంతు చించుకుని ఒప్పించింది. ఆ ఊళ్ళో పుట్టి, తొమ్మిదో ఏట హాస్టలుకి పోయి, సముద్ర జీవశాస్త్రంలో డాక్టరేటు తెచ్చుకుని, మళ్ళీ ఆ ఊరికే ప్లాను గీయడానికి వచ్చిన మనిషి. ఆ మాత్రం పోట్లాడకపోతే తలెత్తుకుని వీధిలో తిరగగలదా?

గోడ సిమెంటుతో కట్టింది కాదు. పదకొండేళ్ళు ల్యాబులో కూర్చుని రత్నం పెంచిన ఒక సూక్ష్మజీవి పని అది. ఇనప తీగల చట్రాన్ని సముద్రంలో దింపి, దానికి రవ్వంత కరెంటు ఇచ్చి, ఆ జీవిని పూస్తే చాలు. నీళ్ళలో కరిగి ఉన్న సున్నాన్ని లాక్కుని రాయి అల్లుకుంటూ పోతుంది. రాయి అంటే మామూలు రాయి కాదు, సుత్తి పెట్టి కొడితే సుత్తే ఎగిరిపడుతుంది. పాలలో వేసినట్టు కొంచెం వేస్తే అంతా పేరుకుంటుందని ల్యాబులో దాన్ని తోడు అనేవాళ్ళు.

దాని ఆకలి ఎంతటిదో తెలిసింది ఒక పొరపాటు వల్ల. ల్యాబులో పనిచేసే సత్యవేణి ఒకరోజు గాజు తొట్టి మూలలో చిన్న గుల్ల ఒకటి వేసింది. ఎలా ఉంటుందో చూద్దామని, అంతే. అప్పటివరకు నెలకి జానెడు పెరిగే తోడు మర్నాటి మధ్యాహ్నానికి తొట్టికి అడ్డంగా, తిన్నగా ఆ మూలకి వేలు చాచింది. గుల్ల కరిగిపోయింది. మూల గాజు బీటలు వారింది. సత్యవేణి నోరు నొక్కుకుని నిలబడిపోయింది. రత్నానికి మాత్రం ఆ రోజు భయం వేయలేదు, ఒక సూత్రం దొరికినందుకు సంతోషం వేసింది. సున్నం ఉన్న వైపు పరిగెడుతుంది, సున్నం లేని బురద తగిలితే ఆగిపోతుంది. అలాగైతే గోడ ఎక్కడ ఆగాలో అక్కడ చుట్టూ బురద ఉండేలా చూసుకుంటే సరి.

చూసుకోవడం అంటే సముద్రం అడుగున గుల్లల దిబ్బలు ఎక్కడెక్కడున్నాయో తెలియాలి. మొగలోకి ఏరు తెచ్చే ఒండ్రు కింద ఆ దిబ్బలు కప్పబడిపోయి ఉంటాయి. సర్వే పడవ పంపిన శబ్దం ఒండ్రుకి తగిలి వెనక్కొచ్చేస్తుంది. అడుగడుక్కీ గొట్టం దించి మట్టి తీసి చూడాలంటే రెండు సీజన్లు పడుతుంది. ప్రాజెక్టు డైరెక్టరు విశ్వేశ్వరం గారికి అంత ఓపిక లేదు. అప్పుడు రత్నమే సలహా ఇచ్చింది. మా ఊళ్ళో పడవ నడిపే సరంగులకి ఏ దిబ్బ ఎక్కడుందో అరచేతిలో గీతలా తెలుసు, వాళ్ళని అడుగుదాం, యంత్రం కన్నా వాళ్ళ మాట గట్టిది అంది. అంటూ ఉంటే ఆమెకి గర్వంగా అనిపించింది కూడా. ఎన్నేళ్ళకి మా వాళ్ళ తెలివిని ఒక ప్లానులో ఎక్కిస్తున్నాను అని.

ఏడుగురు పెద్ద సరంగులు వచ్చి మ్యాపు మీద వేళ్ళు పెట్టి చూపించారు. వాళ్ళలో మొదట చూపించినవాడు రత్నం తండ్రి దానయ్యే. దక్షిణపు గోడ ఆగాల్సిన చోటుకి దగ్గరలో గుల్లన్నదే లేదని, ఉన్నదంతా ఉత్తరంగా రెండు మైళ్ళ అవతలని చెప్పాడు. మిగతావాళ్ళూ తలో చోటూ చెప్పారు. ఒక్కటీ మొగకి దగ్గర కాదు. రత్నం ఆ ఏడు చుక్కలూ పెట్టి, గీత గీసి, సంతకం చేసింది.

ఇప్పుడు ఆ గీత దాటింది గోడ.

విశ్వేశ్వరం గారికి కబురు చెబితే ఆయన మొహం చాటంత అయింది. సిమెంటు బస్తా ముట్టకుండా నాలుగు మీటర్ల గోడ అదనంగా వస్తే ఏడుస్తారేమిటి రత్నం గారూ అని నవ్వారు. రెండు గోడలకీ కరెంటు ఆపేయించమని ఆమె పట్టుబట్టింది. ఆపారు. తోడుకి కరెంటు అవసరం మొదట్లోనే. తిండి దొరికాక దానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. పది రోజుల్లో నూట ఇరవై మీటర్ల నీలం నూట ఏడయింది.

ఊళ్ళో మొదట ఎవరికీ తెలియలేదు. తెలిసింది వంటింట్లో. రత్నం తల్లి కాసులమ్మ ఓ ఆదివారం పులుసు పెట్టింది. చేప ముల్లు పంటి కింద నలిగిపోయింది, ఉడికిన కాడలాగ. పిల్లలకి ఇంక ముల్లు తీసి పెట్టక్కర్లేదని కాసులమ్మ మురిసిపోయింది. వీధంతా అదే మాట, అదే మురిపెం. రత్నం మాత్రం ఆ ముల్లుని వేళ్ళ మధ్య వంచి చూసింది. తెగకుండా గుండ్రంగా వంగింది. అన్నం వదిలేసి చెయ్యి కడుక్కుని లేచిపోయింది.

ఆ వారమే ఏట్లో గుల్లలు ఏరే ఆడవాళ్ళు ఖాళీ బుట్టలతో తిరిగొచ్చారు. గుల్ల పట్టుకుంటే అటుకులాగ పొడి అవుతోందట. పీతలకి డిప్ప గట్టిపడడం లేదట, పట్టుకుంటే చేతిలో జావలా ఉంటోందట. తోడు నీళ్ళలో సున్నాన్ని ముందే తాగేస్తోంది, మిగతా ప్రాణులకి మిగల్చడం లేదు. ఈ లెక్క తన కాగితాల్లో ఎక్కడా లేదని రత్నానికి అప్పుడు తట్టింది. పదకొండేళ్ళూ తోడు ఏం కడుతుందో కొలిచింది, ఎవరి నోటి దగ్గరిది లాక్కుంటుందో కొలవలేదు.

మొగ తొంభై మీటర్లకి వచ్చిన రోజున, ఇరుకులో నీటి వడి పెరిగి, రెండు పడవలు ఎదురెదురుగా వచ్చి తప్పుకోలేక గుద్దుకున్నాయి. పడవలో పనిచేసే కలాసీ ఒకడికి కాలు విరిగింది. రత్నం విశ్వేశ్వరం గారి దగ్గరికి పోయి, తోడుని చంపాలి, మైలుతుత్తం పోయడానికి అనుమతి ఇవ్వండి అని అడిగింది. ఆయన ప్లాను కాగితం తిప్పి తిప్పి చూశారు.

"ఆ నీలం మనం వేసుకున్న రంగే కదండీ, రత్నం గారూ. కొంచెం జరుపుకుందాం."

జరుపుకోవడానికి అది కుర్చీయా? రత్నం బయటికొచ్చేసింది. ల్యాబులో ఏదైనా ముంచుకొస్తే వాడుకోవడానికని పన్నెండు డ్రమ్ముల మైలుతుత్తం నీళ్ళు ఆమె సంతకం మీద ఉన్నాయి. ఎవరినీ అడగక్కర్లేదు. కానీ పన్నెండంటే పన్నెండే. సముద్రంలో ఎక్కడ పడితే అక్కడ పోస్తే చెంబు నీళ్ళు చల్లినట్టే. గోడకి తిండి దొరుకుతున్న చోట, నడి కడుపున పోయాలి. ఆ చోటు ఏది? మ్యాపు ప్రకారం అక్కడ గుల్లలే లేవు.

మ్యాపు చంకన పెట్టుకుని ఇంటికి వెళ్ళింది. దానయ్య పంచలో కూర్చుని వల బాగుచేస్తున్నాడు. అరవై ఎనిమిదేళ్ళు, ఇప్పటికీ చుక్కాని ఎవరికీ ఇవ్వని మనిషి. కూతురు మ్యాపు ముందు పరిచి, అయ్యా, ఇక్కడ గుల్ల లేదన్నావు, మరి గోడ దేన్ని తింటోంది అని అడిగింది. ఆయన వల సూది ఆపలేదు. రెండోసారి అడిగింది. మూడోసారి అడిగేసరికి సూది కింద పెట్టాడు.

"ఉంది. అక్కడే ఉంది. మనదే."

ఎందుకు అబద్ధం చెప్పావని రత్నం అడిగేలోపల ఆయనే చెప్పుకొచ్చాడు.

"సేపలు సేరీ దిబ్బ గుర్తులడిగితే పక్క సోటు సెప్పాల. మా మర్యాదది. మా అయ్య నన్నూ అలాగే తిప్పినాడు, నాకు నలబై ఏల్లొచ్చీదాకా. సుక్కాని సేతికిచ్చిన నాడే నిజం సెప్పినాడు. ఆ తరవాత మరి ఆయన సముద్రం మీదకి రాలేదు."

"నేను నీ కూతుర్ని, అయ్యా."

"కూతురికి అసలే సెప్పరమ్మా. పెల్లయితే గుర్తులు ఇంకో పడవలోకి ఎలిపోతాయి. నువ్వు సిన్నప్పుడే ఎలిపోనావు, నీకు తెలదు. ఊల్లో ఎవుల్నడిగినా అంతే సెప్తారు, అడిగినోల్లూ నమ్మరు. నువ్వు నమ్మేత్తావని నాకేటి తెలుసు?"

ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి రత్నానికి. యంత్రం కన్నా గట్టి మాట అని నలుగురిలో చెప్పుకుంది. ఊళ్ళో పసిపిల్లాడికి కూడా తెలిసిన మర్యాద తనకి తెలియలేదు. తండ్రి మోసం చేశాడందామంటే ఆయన తన న్యాయం ప్రకారం తప్పు చేయలేదు. మొగ మూసుకుపోతుందని తెలిస్తే ఆ వేళే చెప్పేవాణ్ణి గదమ్మా అంటూ దానయ్య మొహం అరచేతులతో రుద్దుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ పన్నెండు డ్రమ్ములతో బయల్దేరారు. మొగ దాటాక దానయ్య చుక్కాని పట్టుకుని నిలబడి, ఒడ్డు వైపు చెయ్యి చూపించాడు.

"అల్లక్కడ కొండ మీద రెండు గుబ్బలున్నాయా? ఎనకాలది ముందుదాని సాటుకి ఎల్లిపోవాల. ఇటు సూడు, లైటవుసూ సర్చి గోపురమూ ఒకటైపోవాల. రెండూ ఒక్కపాలి కలిసిన సోటే మనది."

రెండూ కలిశాయి. ఇంజను ఆపి, సీసపు గుండుకి సబ్బు రాసి తాడుతో దింపాడు. పైకి లాగి చూస్తే సబ్బుకి గుల్ల ముక్కలు అంటుకున్నాయి, వాటి మీద తెల్లటి కొత్త రాయి పొరలు పొరలుగా. దక్షిణపు గోడ నీళ్ళ కింద కంటికి కనబడకుండా అంతదూరం వేళ్ళు చాచింది.

గొట్టం దిబ్బ మీదకి దించి డ్రమ్ములు ఒక్కొక్కటే వంపింది. ఏడో డ్రమ్ము అయ్యేసరికి చేపలు పైకి తేలడం మొదలైంది. పండుగొప్పలు, గొరకలు, ఇంకా పేర్లు తెలియని చిన్నాచితకా, తెల్లని కడుపులు పైకి పెట్టుకుని పడవ చుట్టూ. దానయ్య తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"మా తాతది ఇది. నీ సదువంతా ఈడ నుంచే వచ్చింది" అన్నాడు. ఆపమనలేదు. మిగతా ఐదు డ్రమ్ములూ తనే ఎత్తి అందించాడు.

మొగ ఇంకా డెబ్భై ఆరు మీటర్లు మిగిలి ఉందనగా దక్షిణపు గోడ ఆగింది. ఈతగాడు రోజూ దిగి కొలిచాడు. రాయి పైన పాకుడు రంగు పోయి బూడిద రంగుకి తిరిగింది, చచ్చిందని గుర్తు. ఆరు రోజులు అంగుళం కదలలేదు. ల్యాబులో సత్యవేణి స్వీట్లు పంచింది. కాసులమ్మ కూతురికి తలంటి పోసి, ఇంక కడుపునిండా తినవే అని దగ్గర కూర్చుని వడ్డించింది. దానయ్య మాత్రం వేటకి పోవడం మానేశాడు. గుర్తులు చెప్పేశాక పోకూడదట. పంచలో కూర్చుని మొగ వైపే చూసేవాడు. డెబ్భై ఆరు చాలు, పడవలు వరసగా వెళ్ళొచ్చు, బతికిపోయాం అని రత్నం ఆయనకి చెప్పింది.

ఏడో రోజు ఈతగాడు నీళ్ళలోంచి లేచి ముక్కు తుడుచుకుంటూ, మేడమ్, ఉత్తరపు గోడ కూడా కొలవమన్నారా అని అడిగాడు. రత్నం కొలవమనలేదు. ఉత్తరపు గోడకి బురద దండిగా ఉంది, దాని గురించి అనుమానమే లేదు. మీరు అనకపోయినా అటు ఈదుకుంటూ పోయి తగిలాను, మన గీతకి పదకొండు మీటర్లు ఇవతల తగిలింది అన్నాడు.

ఆ సాయంత్రానికల్లా ఊరికి తెలిసిపోయింది. తరవాతి వారం రోజులు రత్నానికి నిద్ర అన్నది లేదు. విశ్వేశ్వరం గారు ఈసారి నవ్వలేదు. అలా అని భయపడనూ లేదు, పైకి రాసి మైలుతుత్తం అనుమతి తెప్పిస్తాను, మూడు నెలలు ఆగండి అన్నారు. డెబ్భై ఆరనుకున్న మొగ అరవై రెండయింది, యాభై ఏడయింది. సున్నం ఎటు నుంచి అందుతోందో అర్థంకాక ఆమె మ్యాపు ముందు కూర్చుని ఏడు చుక్కలూ చూస్తూనే ఉంది. వాటిలో ఒకటి అబద్ధమని ఇప్పుడు తెలుసు. దాన్ని కొట్టేసింది. మిగతా ఆరూ నిజమే కదా.

యాభై ఒకటయిన రోజు, మధ్యాహ్నం భోజనాల వేళ, ఆఫీసు తలుపు దగ్గర అలికిడి అయింది. ముందు దానయ్య వచ్చాడు. వెనకాల ఆరుగురు సరంగులు. అందరూ చెప్పులు బయట విడిచి, పంచెలు దించుకుని, తప్పుచేసి బడికొచ్చిన పిల్లల్లాగ గోడ వారన నిలబడ్డారు. పొద్దుటి నుంచి ఇల్లిల్లూ తిరిగి దానయ్యే పిలుచుకొచ్చాడట. ఎందుకని ఒక్కరూ అడగలేదట, ఆయన గుమ్మంలో నిలబడగానే లేచి వచ్చేశారట.

వాళ్ళలో పెద్దవాడు బండియ్య, రత్నానికి వరసకి మావయ్య, ముందుకొచ్చాడు. బల్ల మీద మ్యాపు ఉంది. వేలు పెట్టాడు. రెండేళ్ళ కింద చూపించిన చోట కాదు. ఉత్తరపు గోడ కొసకి బెత్తెడు దూరంలో.

"నాదిదమ్మా" అన్నాడు.

తరవాతివాడు వచ్చాడు. అతని వేలు మొగకి ఎదురుగా ఆగింది. ఆ వెనకవాడిది దాని పక్కనే. ఒక్కొక్కరే వచ్చి వేలు పెట్టి పక్కకి జరిగారు. రత్నం ఎర్ర పెన్సిలుతో చుక్కలు పెడుతూ పోయింది. ఆరూ పెట్టాక చూస్తే మొగ చుట్టూ ఉత్తరం నుంచి దక్షిణానికి తోరణం కట్టినట్టున్నాయి. మధ్యలో బురద ఎక్కడా మిగల్లేదు. పొయ్యడానికి ఒక్క డ్రమ్ము కూడా మిగల్లేదు.

మొన్న మా అయ్య చెప్పినప్పుడైనా వచ్చి చెప్పకపోయారా అని అడిగింది. బండియ్యే కండువాతో కళ్ళు తుడుచుకుని అన్నాడు.

"మిగిలినోల్లు నిజివే సెప్పుంటారనుకున్నానమ్మా. నానొక్కడ్ని దాత్తే ఏటవుద్దిలే అనుకున్నాను. ఈల్లందరూ కూడా అదే అనుకున్నారట."

అప్పుడు దానయ్య కూతురి వైపు తిరిగి, ఎన్నాళ్ళుందమ్మా అని అడిగాడు. రత్నం పెన్సిలుతో మ్యాపు అంచున లెక్క వేసింది. ఇప్పుడు రోజుకి మూడు మీటర్లు. తప్పేమో అని మళ్ళీ వేసింది. తప్పుకాదు.

"పదిహేడు రోజులు, అయ్యా" అంది.

వాళ్ళు కదిలారు. తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. చెప్పులు తొడుక్కుని తిన్నగా ఏటి ఒడ్డుకి వెళ్ళారు. రత్నం వెనకే పరిగెత్తింది. అప్పటికే బండియ్య తన పడవ తాడు విప్పుతున్నాడు, మోకాటి లోతు నీళ్ళలో నిలబడి. లోపల చిక్కుకుపోతే పడవ కట్టెలకి తప్ప పనికిరాదని ఊళ్ళో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆడవాళ్ళు బియ్యం డబ్బాలూ నీళ్ళ బిందెలూ ఎక్కించారు. పొద్దు వాలేలోపల రెండు వందల పడవలూ ఒకదాని వెనక ఒకటి గోడల మధ్య నుంచి బయటికి వెళ్ళిపోయాయి, ఇంజన్ల పొగ మొగ నిండా కమ్ముకుంది. కాసులమ్మ కూతురి భుజం పట్టుకుని నిలబడింది. బయట నిలవడానికి ఒడ్డు లేదు. వాటిని ఎక్కడికి తీసుకెళతారని ఎవరూ ఎవరినీ అడగలేదు.